ఎతెల్వీనాకు కట్టిన నడికట్టు

ఎతెల్వీనాను ఆసుపత్రివాళ్ళే చంపారని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట నా ముందే అంటున్నారు. పోయిన ఏటిదాకా నేను అవుననలేదు, కాదనలేదు. పొయ్యి మీద కుండలో మొక్కజొన్న కలుపుతూ కూర్చునేదాన్ని. నా పేరు పసిఫికా. డెబ్భై ఎనిమిదేళ్ళదాన్ని. ఈ కొండ కింద నాలుగు ఊళ్ళకు మంత్రసానిని. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. కాన్పు ఇళ్ళల్లో అత్తలను తిట్టాను, తాగొచ్చిన మొగుళ్ళను బయటికి గెంటాను, ఒకసారి పాదిరిని కూడా గుమ్మం దగ్గరే నిలబెట్టేశాను. అలాంటి నోరు ఒక్కచోట, ఒక్క ప్రశ్నకు, సరైన జవాబు చెప్పలేకపోయింది. ఆ సంగతి చెప్పాలంటే ఎతెల్వీనా పుట్టిన రోజు దగ్గర్నుంచి రావాలి.

ఆమె తల్లి ఫిలొమేనాకు అది రెండో కాన్పు. పొలాల్లో మొక్కజొన్న కోతలు నడుస్తున్నాయి. బిడ్డ సులువుగానే వచ్చింది, గట్టిగా ఏడ్చింది కూడా. తుడిచి దుప్పటి మీద పడుకోబెట్టి చూస్తే బొడ్డు కింద చర్మం లేదు. అక్కడ ఎర్రగా, తడిగా, లోపల ఉండాల్సిన సంచి తెరుచుకుని బయటికి వచ్చి ఉంది. దాని మీద మూత్రం చుక్కలు చుక్కలుగా ఊరుతోంది. వేలితో తడిమి చూశాను. ముందువైపు కలిసి ఉండాల్సిన రెండు ఎముకలు కలవలేదు. వాటి మధ్య నా రెండు వేళ్ళు పట్టాయి.

"ఆడపిల్లేనా అక్కా?" అంది ఫిలొమేనా.

"ఆడపిల్లే."

"మరేంటి అలా చూస్తున్నావ్?"

అప్పుడు నాకు తెలిసిన కారణం ఒక్కటే. కడుపుతో ఉన్నది ఎర్రబట్ట కట్టుకుని ఊట దగ్గరికి వెళితే హరివిల్లు పట్టుకుంటుందని, బిడ్డను పాడుచేస్తుందని మా అమ్మ నాకు చెప్పింది. నేను ఫిలొమేనాను అదే అడిగాను.

"ఎర్ర శాలువా కప్పుకుని ఊట దగ్గరికి పోయావా?"

"పోక, నీళ్ళు నువ్వు తెచ్చిపెట్టావా?" అంది. అని, బిడ్డవైపు తల తిప్పి చూసింది.

ఆ మాట నేను ఆ ఒక్క గదిలో అన్నాను. వారం తిరిగేసరికి ఊరంతా అనడం మొదలుపెట్టింది. ఫిలొమేనా బతికినన్నాళ్ళూ మళ్ళీ ఎర్ర శాలువా కప్పుకోలేదు. ఎంతోమంది బిడ్డలను ఇలాంటి లోపంతో చూసిన డాక్టరమ్మ తర్వాతెప్పుడో చెప్పింది, ఇది ఎవరి తప్పూ కాదని, కడుపులో తొలి వారాల్లోనే ఎందుకో ఇలా జరిగిపోతుందని. అప్పటికి ఫిలొమేనా చనిపోయి మూడేళ్ళయింది.

పిల్లను రాజధాని క్విటో తీసుకెళ్ళి కుట్టించారు. కుట్లు నిలవలేదు, విడిపోయాయి. మళ్ళీ కుట్టారు, మళ్ళీ విడిపోయాయి. పదకొండేళ్ళు వచ్చేదాకా ఎతెల్వీనా తడిబట్టతోనే బతికింది. బడికి రెండేళ్ళు వెళ్ళింది. పక్కన కూర్చోమంటే ఎవరూ కూర్చోలేదు, టీచరు కిటికీ పక్కకు మార్చింది, తర్వాత ఆ పిల్లే మానేసింది. ఎముకలు కలవని తుంటి కాబట్టి కాళ్ళు ఎడంగా పెట్టి నడిచేది. పిల్లలు వెనకాలే బాతులా అరుస్తూ వచ్చేవాళ్ళు. నేను రాళ్ళు తీసుకుని వాళ్ళ వెంటపడేదాన్ని. నా చేతకాని కోపం అంతవరకే పనికొచ్చింది.

పదకొండో ఏట క్విటోలో పెద్ద ఆపరేషన్ జరిగింది. ఆమె పేగులోంచే ఒక ముక్క తీసి మూత్రాశయానికి అతికించి సంచిలా చేశారు. కింద దారి మూసేశారు. బొడ్డులో కంటికి ఆనని చిన్న రంధ్రం ఉంచారు. నాలుగు గంటలకోసారి అందులోంచి సన్నటి గొట్టం పెట్టి మూత్రం తీసుకోవాలి. ఆ సంచికి నిండిన సంగతి సరిగ్గా తెలియదు, అది చెప్పదు కాబట్టి గడియారం చూసుకోమన్నారు. ఒక నర్సు తన చేతికున్న నల్ల ప్లాస్టిక్ గడియారం తీసి ఇచ్చేసింది. మగవాళ్ళది, పెద్దది. చివరి కన్నం దాకా బిగించినా ఆ పిల్ల మణికట్టు మీద తిరిగిపోయేది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఫిలొమేనా నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పరుపు చూపించింది.

"ముట్టుకో."

ముట్టుకున్నాను. పొడిగా ఉంది. ఇద్దరం ఆ పరుపు మీదే కూర్చుని ఏడ్చాం. ఎతెల్వీనా మాత్రం మమ్మల్ని విచిత్రంగా చూసింది. "పరుపుకేమైందని ఏడుస్తున్నారు?" అంది.

ఆ తర్వాత మగ్గం పట్టింది. మా దగ్గర నడికట్టు లేని ఆడది లేదు. వెడల్పుగా, ఎర్రగా ఉండే తల్లికట్టు లోపల, సన్నగా పొడుగ్గా ఉండే పిల్లకట్టు దాని పైన బిగిస్తేనే లంగా నిలుస్తుంది. ఎతెల్వీనా నేసిన కట్టు పదేళ్ళు వాడినా అంచు పోదని సంతలో పేరు. కానీ తన నడుముకు మాత్రం వదులుగా చుట్టుకునేది. బొడ్డు మీద ఒత్తిడి పడకూడదు, మాటిమాటికీ విప్పుకోవాలి. లంగా జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని నడిచేది. ఊట దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఊరందరి నడుములూ బిగిస్తావు, నీ నడుమేంటే అలా జారిపోతోంది?" అంది ఒకతె.

"నా నడుము సంగతి నీకెందుకక్కా? మీ ఆయన చెప్పాడా?" అంది ఎతెల్వీనా.

మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మాటకు మాట అనడం నా దగ్గరే నేర్చుకుంది అనుకుని మురిసిపోయాను. కానీ అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పనివ్వలేదు. అమ్మ చెప్పొద్దంది, నేను చెప్పొద్దన్నాను. గొట్టం సంగతి, బొడ్డు సంగతి, ఎముకల సంగతి. దాచుకోవడం ఆమెకు మేమే నేర్పాం. చిన్నప్పటినుంచి అన్నం తినడం నేర్పినట్టు నేర్పాం.

ఎలియాస్ పక్క ఊరివాడు. నడికట్లు కొని సరిహద్దు దాటి కొలంబియా సంతల్లో అమ్మేవాడు. పెళ్ళి మాట వచ్చినప్పుడు ఎతెల్వీనా నాతో, "ముందే చెప్పేస్తానవ్వా" అంది.

"పిచ్చిదానా, చెబితే పారిపోతాడు."

"పారిపోయేవాడైతే ఇప్పుడే పోనీ."

చెప్పింది. అతను, "అయితే నాలుగు గంటలకోసారి నేను గదిలోంచి బయటికి పోవాలా?" అని అడిగాడట. అక్కర్లేదంటే, "మరింకేం" అన్నాడట. ఆ ఒక్క మాటకు అతణ్ణి నేను ఇప్పటికీ ఏమీ అనను. కానీ అతని తల్లి రొమెలియాకు చెప్పొద్దని ముగ్గురం అనుకున్నాం. కోడలు పొద్దస్తమానం చిన్న మూట పట్టుకుని గదిలో దూరి తలుపేసుకుంటే రొమెలియా ఏమనుకుంటుంది? దొంగతిండి తింటోందనుకుంది. రెండేళ్ళు అలాగే అనుకుంది. గుడ్లు లెక్కపెట్టుకునేది.

ఇరవై నాలుగో ఏట కడుపు వచ్చింది. రాదనే అనుకున్నాం. క్విటో బస్సులో పక్కన నేనే కూర్చున్నాను. ఆమెకు చిన్నప్పుడు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ జుట్టు నెరిసిపోయింది, కానీ పేరు పెట్టి పిలిచింది. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. నొప్పులు వచ్చేదాకా ఆగకూడదు. కోసి తియ్యాలి. కోసేటప్పుడు పురుడు పోసే డాక్టరూ తనూ ఇద్దరూ ఉండాలి, ఎందుకంటే సంచి ఎక్కడుందో, గొట్టం దారి ఎటు పోతుందో తెలియని కత్తి పడితే అంతా పాడైపోతుంది. ముందు ఎముకల ఆసరా లేదు కాబట్టి కాన్పు తర్వాత గర్భసంచి జారవచ్చు. జారితే ఆర్నెల్లు ఆగి దాన్నీ సరిచేద్దామంది. అప్పుడు నావైపు తిరిగింది.

"మీరేనా మంత్రసాని?"

"నేనే."

"చూడమ్మా, కడుపు పిసకొద్దు. బిడ్డను తిప్పడానికని శాలువాలో వేసి ఊపొద్దు. తర్వాత నడుముకు కట్టు కట్టొద్దు. సరేనా?"

సరేనన్నాను. ఒళ్ళు మండిపోయింది. నా చేతుల మీద పుట్టినవాళ్ళు అప్పటికే బిడ్డలను ఎత్తుకుంటున్నారు, నాకు చెప్తుందా అనుకున్నాను. ఎందుకు కట్టకూడదో ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే నా పెద్దరికం పోతుందనుకున్నాను.

ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పాలంటే నోరు రాదు. మూడుసార్లు చలిజ్వరం, వీపు మెలిపెట్టే నొప్పి, మూత్రంలో చీము. మూడుసార్లూ ఆసుపత్రిలో పడుకోబెట్టారు. కడుపు పెరిగే కొద్దీ బొడ్డు సాగి గొట్టం దారి వంకర పోయింది. లోపలికి వెళ్ళేది కాదు. కిటికీ దగ్గర అద్దం పట్టుకుని ఎలియాస్ కూర్చుంటే, ఆమె పక్కకు వంగి, వెనక్కి వాలి, ముప్పావు గంట తంటాలు పడి గొట్టం పెట్టుకునేది. ఒకరోజు రొమెలియా తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. చూసింది. గుమ్మంలోనే కూలబడింది.

"ఇన్నాళ్ళూ గుడ్లనుకున్నానే తల్లీ" అంది.

ఆ రోజునుంచి రొమెలియా ఆమెను మంచం దిగనివ్వలేదు. ఎతెల్వీనా పడుకుని, కాలిబొటనవేలికి పడుగు కట్టుకుని, ఒక తల్లికట్టు నేసింది. ఎర్రది, ఆకుపచ్చ అంచులు. అంత వెడల్పుది ఆమె అంతకుముందు నేయలేదు. ఎవరికని అడిగితే, "నాకే. ఒక్కసారన్నా బిగించి కట్టుకుంటా" అంది.

ముప్పయ్యారో వారంలో కోశారు. ఇద్దరు డాక్టర్లూ ఉన్నారు. మూడు గంటలు పట్టింది. బిడ్డ బయటికి వచ్చింది, సంచికి దెబ్బ తగల్లేదు. మెలకువ రాగానే ఆమె అడిగింది బిడ్డ ముఖం ఎలా ఉందని కాదు.

"బొడ్డు కింద చూశావా అవ్వా?"

"చూశాను. చర్మం ఉంది."

"ఎముకలు?"

"వేలు పెట్టి చూశాను. కలిసే ఉన్నాయి."

కళ్ళు మూసుకుంది. "తామియా అని పెడదాం" అంది. మా భాషలో వాన అని అర్థం. హరివిల్లు కాదు, దాన్ని వదిలేద్దాం, వాన చాలు అంది.

మూడు వారాలు గొట్టం లోపలే ఉంచారు. తర్వాత తీసేసి, మళ్ళీ పాత పద్ధతే, నాలుగు గంటలకోసారి, అని పంపించారు. ఎలియాస్ సరుకు పట్టుకుని కొలంబియా వెళ్ళాడు, ఆసుపత్రి ఖర్చులకు చేతిలో ఏమీ మిగల్లేదు. ఇంట్లో రొమెలియా, ఎతెల్వీనా, బిడ్డ. రోజూ నేను వెళ్ళేదాన్ని.

డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. లేచి నిలబడితే లోపలిది కిందికి జారుతోంది. రెండు అడుగులు వేస్తే కాళ్ళ మధ్య ఏదో వేలాడుతున్నట్టుందని మంచం పట్టుకునేది. ఆర్నెల్ల తర్వాత సరిచేస్తానని ఆవిడ అంది కదా అంటే, "ఆర్నెల్లు పిల్లనెత్తుకోకుండా ఉండనా?" అనేది.

మా దగ్గర ముప్పయ్యో రోజున బాలింతకు ఆకులు కాచిన నీళ్ళు పోసి తుంటి మూస్తాం. బిడ్డ రావడానికి ఎముకలు తెరుచుకుంటాయి, వాటిని మళ్ళీ దగ్గరికి చేర్చకపోతే చలి లోపలికి పోతుంది, గర్భసంచి జారుతుంది, ఆ ఆడది జన్మలో బరువెత్తలేదు. అందుకని పడుకోబెట్టి, తుంటి ఎత్తి, నడికట్టు మూడు చుట్లు చుట్టి, ఇద్దరం చెరోవైపు పట్టి లాగి ముడేస్తాం. ఒక పగలూ ఒక రాత్రీ విప్పకూడదు. మా అమ్మకు అలాగే కట్టారు, నాకు అలాగే కట్టారు. ఆ రోజు కోడిపులుసు వండుతారు, చుట్టుపక్కల ఆడవాళ్ళు వస్తారు. ఎతెల్వీనాకు నీళ్ళు మాత్రం పోద్దామని నేను వెళ్ళాను.

నీళ్ళు పోసి తుడుస్తుంటే, "అవ్వా, నన్నూ మూయి" అంది.

"డాక్టరమ్మ వద్దంది కదే."

"ఆవిడ మన దగ్గర పుట్టలేదు కదవ్వా. నిలబడలేకపోతున్నా. పుట్టినప్పటినుంచి తెరిచే ఉన్నా నేను. అందర్నీ మూస్తావు, నన్నొక్కదాన్నీ ఎందుకొదిలేస్తావు?"

"మరి నాలుగు గంటల సంగతి? మధ్యలో విప్పకూడదు."

"పదిహేనేళ్ళప్పుడు ఒకసారి సంతకి గొట్టం తీసుకెళ్ళడం మర్చిపోయా. పొద్దుణ్ణుంచి చీకటి పడేదాకా ఉండిపోయా. ఏం కాలేదు. నీళ్ళు తాగనులే. ఇప్పుడే తీసేసుకుంటా."

నేను కాదనాల్సింది. కాదంటే వినేది, నా మాటంటే ఆమెకు అంత గురి. కానీ ఆమె పుట్టిన రోజున నా రెండు వేళ్ళు పట్టిన సందు నాకు గుర్తొచ్చింది. ఆ రోజే ఎముకలు దగ్గరికి చేర్చి కట్టి ఉంటే ఈ పిల్ల బతుకు ఇలా అయ్యేది కాదేమోనని ఇరవై నాలుగేళ్ళుగా నాలో నేను కుమిలిపోయాను. అప్పుడు చేయలేనిది ఇప్పుడు చేస్తాననుకున్నాను. నా బుద్ధి అంతవరకే వెళ్ళింది. డాక్టరమ్మకు నా చేతి పని ఏమిటో చూపిద్దామన్న పొగరు కూడా ఉంది, అది కూడా చెప్పాలి.

"గడియారం తీసి పక్కన పెట్టు, తడిసిపోతుంది" అన్నాను. తీసింది. ఆమె నేసుకున్న కొత్త తల్లికట్టు పెట్టెలోంచి తెచ్చాను. కొత్తది కాబట్టి బిరుసుగా ఉంది. రొమెలియా ఒకవైపు, నేనొకవైపు పట్టి లాగాం. నా బలమంతా పెట్టి లాగాను.

లేచి నిలబడింది. నిలబడి, ఒకసారి ఊపిరి పట్టి చూసుకుంది.

"జారట్లేదవ్వా" అంది.

బిడ్డను నా చేతుల్లోంచి లాక్కుని వాకిట్లోకి వెళ్ళింది. లంగా పట్టుకోకుండా, రెండు చేతులతో బిడ్డను ఎత్తుకుని, వాకిలి చివర గోడ దాకా నడిచి వెనక్కి వచ్చింది. అంత తిన్నగా ఆమె నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. వచ్చిన ఆడవాళ్ళు కూడా చూశారు. ఊట దగ్గర ఎగతాళి చేసిన ఆవిడే, "అమ్మయ్యో, ఎవరీ పిల్ల?" అంది. అందరూ నవ్వారు. ఎతెల్వీనా ముఖం ఆ రోజు ఎలా వెలిగిందో నాకు మాత్రమే గుర్తుంది, మిగతావాళ్ళు మర్చిపోయారు.

రొమెలియా కోడిపులుసు గిన్నె నింపి ఇచ్చింది. వద్దంది. "బాలింత ఎండుకడుపుతో ఉంటే పాలెక్కణ్ణుంచి వస్తాయి?" అని పట్టించింది. ఇంకో గిన్నె. బిడ్డ పాలు తాగాక ఇంకొకటి. నేను చూస్తూ కూర్చున్నాను. పులుసును నీళ్ళ లెక్కలో వేయాలని నాకు తట్టలేదు.

మధ్యాహ్నం తిరిగేసరికి నొప్పి మొదలైంది.

"అవ్వా, పొత్తికడుపంతా పిండేస్తోంది."

"ఎముకలు దగ్గరవుతున్నాయి. నొప్పి ఉండదా?"

"అందరికీ ఇలాగే ఉంటుందా?"

"ఇలాగే ఉంటుంది."

"నాకు తెలీదు కదా" అంది. అని పళ్ళు బిగపట్టి పడుకుంది. నిజంగానే ఆమెకు తెలియదు. మామూలు ఆడవాళ్ళ నొప్పి ఎలా ఉంటుందో ఆమెకు ఎవరు చెప్పారు? నేను చెప్పిందే నమ్మింది. తనకూ అందరిలాంటి నొప్పి వస్తోందని కొంచెం సంతోషపడిందేమో కూడా.

పొద్దు కొండ వెనక్కి దిగేటప్పుడు, "విప్పనా అవ్వా?" అని అడిగింది. చెమటలు పడుతున్నాయి.

"ఇంతసేపు ఓర్చుకున్నావు, పొద్దుటిదాకా ఓర్చుకోలేవా? ఇప్పుడు విప్పితే చేసిందంతా మట్టిపాలు."

సరేనంది. కాసేపటికి ఒక్కసారిగా నొప్పి తగ్గిపోయింది. ముఖం తేరుకుంది. "చూశావా" అన్నాను. ఆమె కూడా నవ్వింది. బిడ్డకు పాలిచ్చి నిద్రపోయింది. ఆ క్షణాన లోపల సంచి చిరిగిందని, నొప్పి అందుకే తగ్గిందని నాకు తెలిసేసరికి నాలుగు రోజులు పట్టింది.

తెల్లవారి వెళ్ళేసరికి ఒళ్ళు కాలిపోతోంది. కక్కుతోంది. కట్టు విప్పాను. కడుపు చెక్కలా ఉంది, చెయ్యి వేయనివ్వలేదు. గొట్టం పెడితే చారెడు ఎర్రనీళ్ళు వచ్చాయి. కట్టు మడిచి నా శాలువా లోపల దోపుకున్నాను. ఎందుకు దోపుకున్నానో అప్పుడు ఆలోచించలేదని చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ఆలోచించే దోపుకున్నాను. ఒకరి కూరగాయల వ్యానులో కింది పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రొమెలియా బిడ్డతో ఇంట్లోనే ఉండిపోయింది. నేనొక్కదాన్నే వెంట వెళ్ళాను.

అక్కడున్నది కుర్ర డాక్టరు. ఆపరేషన్ మచ్చ చూశాడు, బొడ్డు చూశాడు, ఎతెల్వీనా గొట్టం సంగతి చెప్పింది. అతను మర్యాదగానే అడిగాడు.

"అమ్మా, ఎక్కడైనా పడిపోయిందా? కడుపు మీద ఏదైనా బరువు పడిందా? ఏమైనా కట్టారా? మూత్రం తీయడం ఎక్కడైనా ఆపారా?"

ఆ ఆసుపత్రిలో అంతకుముందు ఏడాది ఒక మంత్రసానిని వరండాలో నిలబెట్టి అందరి ముందూ అరిచారు. పోలీసులకు చెప్తామన్నారు. అది నాకు గుర్తొచ్చింది. కట్టు నా డొక్కకు ఆనుకుని ఉంది.

"ఏమీ లేదు బాబూ" అన్నాను.

ఎతెల్వీనా నావైపు చూసింది. తెలివి పూర్తిగా ఉంది ఆమెకు. ఆ చూపులో కోపం లేదు, ఉంటే బాగుండేది. డాక్టరు ఆమెను కూడా అడిగాడు.

"ఏమీ లేదండీ" అంది. "రోజూ తీసుకుంటూనే ఉన్నా."

చిన్నప్పటినుంచి నేర్పింది అదే కదా. అడిగితే ఏమీ లేదని చెప్పు. నన్ను కాపాడింది.

కోసిన కాన్పు కాబట్టి గర్భసంచిలో చీము పట్టిందనుకున్నారు. దానికి మందులు ఎక్కించారు. రెండు రోజులు పోయాయి. మూడో రోజు క్విటో పంపారు. పాత డాక్టరమ్మే కోసింది. లోపలంతా మూత్రమే, కుళ్ళిపోయి ఉందట. మర్నాడు పొద్దున్న ఎతెల్వీనా చనిపోయింది. సరిహద్దు నుంచి వచ్చిన ఎలియాస్ గంట ముందు చేరాడు. అతణ్ణి గుర్తుపట్టింది, బిడ్డ పాలు తాగుతోందా అని అడిగింది.

డాక్టరమ్మ బయటికి వచ్చి మా ముందు నిలబడింది. టోపీ కూడా తీయలేదు.

"సంచి చిరిగింది. మొదటిరోజే చిరిగిందని తెలిసి ఉంటే కుట్టేవాళ్ళం. బతికేది. ఎందుకు చిరిగిందో నాకు అర్థం కావట్లేదు. ఏం జరిగింది?"

"నేను ఊళ్ళో లేనండీ" అన్నాడు ఎలియాస్.

ఆవిడ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. ఆవిడ ఇంకోసారి అడగలేదు, వెళ్ళిపోయింది. కట్టు కట్టామని రొమెలియా తర్వాత కొడుకుకు చెప్పే ఉంటుంది. కానీ మా ఇళ్ళల్లో కట్టు వల్ల ఎవరైనా చస్తారని ఎవరికి తడుతుంది? కట్టకపోతే చస్తారని తెలుసు. ఆసుపత్రివాళ్ళు సరిగ్గా కుట్టలేదని ఊరు తీర్మానించుకుంది. నేను ఊరుకున్నాను. తర్వాతి నెలలోనే ఇంకో బాలింతకు తుంటి కట్టాను. కట్టనంటే ఎందుకని అడుగుతారు. అలా ఇరవై ఏళ్ళు కడుతూనే ఉన్నాను.

పోయిన ఏడు తామియాకు కొడుకు పుట్టాడు. నా చేతుల మీదే పుట్టాడు. ముప్పయ్యో రోజు దగ్గరపడుతుంటే బిడ్డను వీపున కట్టుకుని మా ఇంటికి వచ్చింది. చేతికి వాళ్ళమ్మ నల్ల గడియారం ఉంది. ఎప్పుడో ఆగిపోయింది అది.

"అవ్వా, అమ్మ తనకోసం నేసుకున్న తల్లికట్టు నీ దగ్గరుందని నాయనమ్మ అంది. దాంతోనే కట్టు నాకు. అమ్మది కట్టుకున్నట్టుంటుంది."

పెట్టె తీశాను. పైకి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎర్రరంగు కొంచెం కూడా వెలిసిపోలేదు. దాన్ని ఆ పిల్ల చేతికి ఇచ్చి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ పిల్లను పడుకోబెట్టి, తుంటి ఎత్తి, ఇదే కట్టు చుట్టి లాగడం నా వల్ల కాలేదు. కూర్చోమని చెప్పి, మీకు చెప్పినట్టే మొదటినుంచి చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. బిడ్డ ఏడిస్తే ముందుకు తిప్పుకుని పాలిచ్చింది.

అంతా అయ్యాక అడిగింది.

"కట్టమని అమ్మే అడిగిందా?"

"అడిగింది."

"నొప్పి అని చెప్పిందా?"

"చెప్పింది."

"నువ్వేమన్నావు?"

"ఎముకలు దగ్గరవుతున్నాయన్నాను."

"ఆ డాక్టరుకి చెప్పుంటే?"

"బతికేది."

కట్టు నా ఒళ్ళోంచి తీసుకుంది. మడతలు సరిచేసి, బిడ్డ దుప్పటి కింద పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"వాకిట్లో నడిచిందన్నావే. నన్నెత్తుకుని. తిన్నగా నడిచిందా?"

"తిన్నగా నడిచింది. గోడ దాకా వెళ్ళి వచ్చింది."

తల ఊపింది. "ఇంకెవరికీ కట్టకు అవ్వా" అంది, వెళ్ళిపోయింది.

మర్నాడు పై ఊరినుంచి మనిషి వచ్చాడు, వాళ్ళింట్లో బాలింతకు ముప్పయ్యో రోజట, తుంటి మూయడానికి రమ్మని. రానన్నాను. ఎందుకు రావని అడిగాడు. లోపలికొచ్చి కూర్చోమని చెప్పి, ఎతెల్వీనా పేరు ఎత్తాను.